తోటి ఉద్యోగి పని చేయకపోతే మీరేం చేస్తారు?

'మీతో కలిసి పనిచేసే వ్యక్తి తన వంతు పని సరిగా చేయడం లేదనుకోండి. అప్పుడు మీరేం చేస్తారు?'

ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు తిరిగే అమ్మాయిలకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. వినడానికి చాలా తేలిక. కానీ జావాలోనో, ఒరాకిల్‌లోనో ఎంత చిక్కు ప్రశ్న వేసినా గడగడా చెప్పేవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి తడబడుతుంటారు. ఎందుకంటే దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు పైవాళ్లకు చెబుతానంటే చాడీలు చెప్పే మనిషి అనుకుంటారేమోనని భయం. ఏమీ చేయనంటే చేతకానిదనుకుంటారేమోనని బెంగ.

అమీర్‌పేటలో ఈ బెంగ బరువు కాస్త ఎక్కువే. 1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులతో ఊపందుకున్న సందడి అది. ఆ తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ మీదుగా ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్, క్లౌడ్ దాకా వచ్చింది. 2017లో మెట్రో రైలు వచ్చింది. 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి నేరుగా రైలెక్కే వీలు కలిగింది. 2020లో కరోనా వచ్చి క్లాసుల్ని ఆన్‌లైన్‌లోకి నెట్టింది. మైత్రీవనం చుట్టూ బోర్డుల మీద కోర్సుల పేర్లు మారుతూనే ఉన్నాయి. మారనిదల్లా ఎస్సార్ నగర్, బల్కంపేట సందుల్లోని లేడీస్ హాస్టళ్లలో ఉండే ఆ ఎదురుచూపే. నాన్న తెచ్చిన అప్పు, నెల తిరిగేసరికి కట్టాల్సిన హాస్టల్ ఫీజు, 'ఇంకెన్నాళ్లే?' అని ఊరి నుంచి ఫోను, 'ఓ మంచి సంబంధం వచ్చింది' అన్న కబురు... వీటన్నిటి మధ్య ఓ ఇంటర్వ్యూ. టెక్నికల్ రౌండ్లన్నీ గట్టెక్కి, హెచ్చార్ రౌండులో ఈ ఒక్క ప్రశ్న దగ్గర జారిపోతే ఎంత బాధ!

ఇంటర్వ్యూ అయిన రోజు రాత్రి హాస్టలు గదిలో ఇలాంటి మాటలు మామూలే.

"ఏం చెప్పినవ్ మరి?"

"నా పని నేను చేసుకుంటా, ఎవరి జోలికీ పోనని చెప్పిన."

"అయ్యో! నేనైతే వాళ్ల పని కూడా నేనే చేసేస్తానని చెప్పానే. టీమ్ స్పిరిట్ అంటారు కదా!"

"మేనేజరుకి చెప్పేస్తే పోలా? మనకెందుకే ఆ గోలంతా!" అంటుంది మూడో మంచం మీది అమ్మాయి.

ముగ్గురూ తెలివైన పిల్లలే. కానీ ముగ్గురి జవాబులూ సగం సగమే. ఎందుకో చూద్దాం.

మూడు జవాబులు... మూడు లోపాలు

మొదటి జవాబు 'నా పని నేను చూసుకుంటాను'. ఇందులో నిజాయితీ ఉంది. కానీ ఈ రోజుల్లో ఏ ఆఫీసులోనూ ఒకరి పని ఒకరితో అయిపోదు. ఒకరు తయారుచేసింది ఇంకొకరు పరీక్షించాలి. ఒకరు రాసిన బిల్లు ఇంకొకరు సరిచూడాలి. పక్క సీట్లో పని ఆగితే మీ సీట్లో పని ఆగుతుంది. కాబట్టి ఈ జవాబు విన్నవారికి 'ఈ అమ్మాయికి తన బల్ల తప్ప మిగతా ఆఫీసు పట్టదు' అనిపిస్తుంది.

రెండో జవాబు 'వాళ్ల పని కూడా నేనే చేస్తాను'. మనసు మంచిదే. కానీ అవతలివారి సమస్య అలాగే ఉండిపోయింది. ఈ నెల మీరు చేశారు, వచ్చే నెల ఎవరు చేస్తారు? పైగా మీ పనికి టైమెక్కడిది?

మూడో జవాబు 'మేనేజరుకి చెబుతాను'. చెప్పాల్సిన సందర్భాలు తప్పకుండా ఉంటాయి. కానీ అదే మొదటి మెట్టు అయితే, మీకూ ఆ మనిషికీ మధ్య ఒక్క మాట కూడా నడవలేదన్నమాట. ప్రతి చిన్నదానికీ ఈమె నా గది తలుపు తడుతుందేమోనని ఎదురుగా కూర్చున్న మేనేజరు అప్పుడే లెక్క వేసుకుంటాడు.

మరి సరైన జవాబేది? ఈ మూడింట్లోనూ తలా కొంత ఉంది. వాటిని వరసలో పెట్టడంలోనే ఉంది కిటుకంతా.

అసలు ఎందుకడుగుతారు?

ఇంటర్వ్యూ చేసేవారికి మిమ్మల్ని ఇరుకున పెట్టాలన్న సరదా ఏమీ లేదు. కబుర్లు చెప్పుకున్నట్టు సాగే ఇంటర్వ్యూలో మాటకారితనం తెలుస్తుందే తప్ప పనితనం తెలియదని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏనాడో గమనించారు. 1980లో గ్యారీ లాథమ్, ఆయన సహచరులు ఒక పద్ధతి చెప్పారు. 'ఇలా జరిగితే మీరేం చేస్తారు?' అని అందరినీ ఒకే రకంగా అడగాలని. 1982లో టామ్ జాంజ్ ఇంకో అడుగు ముందుకేసి, 'గతంలో ఇలా జరిగినప్పుడు మీరేం చేశారు?' అని అడిగితే ఇంకా మంచిదన్నారు. నిన్న చేసినదాన్నిబట్టి రేపు చేయబోయేది ఊహించవచ్చని ఆయన వాదన. అలా అందరినీ ఒకే వరసలో అడిగే ఇంటర్వ్యూలే మనిషి పనితనాన్ని మెరుగ్గా అంచనా వేస్తాయని 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలు తిరగేసి తేల్చారు.

అందుకే ఈ ప్రశ్న. దీంతో వాళ్లు చూసేది నాలుగు విషయాలు. ఒకటి, అవతలి మనిషిని చూడగానే సోమరి అని ముద్ర వేస్తారా, కారణం కనుక్కుంటారా? రెండు, ఇబ్బందికరమైన మాటను మర్యాదగా, సూటిగా చెప్పగలరా? మూడు, పని ఆగకుండా చూసుకోగలరా? నాలుగు, ఎప్పుడు పైవారికి చెప్పాలో మీకు తెలుసా?

ఈ నాలుగూ ఇంటర్వ్యూలకే కాదు, రేపు ఉద్యోగంలో చేరాక మీకే అక్కరకొస్తాయి.

మన బేగంపేట కుర్రాడికి ఎదురైన ప్రశ్న

అమీర్‌పేటకు పక్కనే బేగంపేట. అక్కడి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల పేరు తెలియని వారుండరు. 1992లో ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేరడానికి ఇంటర్వ్యూకి వెళ్లారు. రోజంతా సాంకేతిక ప్రశ్నలు. చివర్లో రిచర్డ్ టెయిట్ అనే ఆయన ఓ వింత ప్రశ్న వేశారు. రోడ్డు మీద ఓ పసిపాప పడి ఏడుస్తోంది, నువ్వేం చేస్తావు అని. నాదెళ్ల కాసేపు ఆలోచించి, అత్యవసర సాయం నంబరుకు ఫోన్ చేస్తానన్నారు. టెయిట్ లేచి ఆయన భుజం మీద చెయ్యేసి, ముందు ఆ పాపను ఎత్తుకోవాలయ్యా, నీకు కాస్త సానుభూతి కావాలి అన్నారట. ఇక ఉద్యోగం రానట్టేనని నాదెళ్ల అనుకున్నారు. కానీ వచ్చింది. 2014లో ఆ సంస్థకే అధిపతి అయ్యారు. 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నారు.

మన ప్రశ్నకూ దీనికీ ఏంటి సంబంధం అంటారా? ఉంది. పని జరగడం లేదనగానే ఎవరికి ఫోన్ చేయాలా అని కాకుండా, ముందు ఎదురుగా ఉన్న మనిషికి ఏమైందో చూడాలన్నది అక్కడి పాఠం. ఫోన్ చేయడం తప్పు కాదు. అది రెండో పని.

ఇంకో సంగతి కూడా ఉంది. మైక్రోసాఫ్ట్‌లో చాలాకాలం ఉద్యోగులకు వరసగా ర్యాంకులు ఇచ్చే పద్ధతి ఉండేది. టీములో ఎవరో ఒకరు అడుగున నిలబడాల్సిందే. అలాంటప్పుడు పక్కవాళ్లకు సాయం చేయడమంటే తన ర్యాంకుకు తానే నీళ్లు వదులుకోవడం కదా! 2013 నవంబరులో ఆ సంస్థ ఈ పద్ధతిని వదిలేసింది. తోటివారి విజయానికి ఎంత తోడ్పడ్డారన్నది కూడా చూడటం మొదలుపెట్టింది. సాయం చేసే మనిషి విలువ కంపెనీలకు తెలిసొచ్చిందన్నమాట.

తాడు లాగుడు లెక్క

పని చేయనివారంతా సోమరులేనా? కాదనడానికి పాత ఉదాహరణ ఒకటుంది. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషులతో తాడు లాగించి, ఎవరెంత బలం పెడుతున్నారో కొలిచాడు. 1913లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా సుమారు సగానికి పడిపోయింది. 1979లో అమెరికాలో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ చప్పట్లతో, అరుపులతో ఇలాగే పరీక్షించారు. గుంపులో ఉన్నప్పుడు జనం తమకు తెలియకుండానే చప్పుడు తగ్గించేశారు. 1981లో ఇదే బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. ఎవరి చప్పుడు ఎంతో విడిగా తెలిసిపోతుందని చెప్పగానే అందరూ మళ్లీ గట్టిగా అరిచారు!

పెళ్లింట్లో చూడండి. 'అందరం కలిసి వంట చేద్దాం' అంటే ఏ పనీ తెమలదు. 'వదినా, పులిహోర నీది. పిన్నీ, పప్పు నీది' అంటే గంటలో అయిపోతుంది. ఆఫీసైనా అంతే. అందుకే ఇంటర్వ్యూలో 'పనిని పేరు పేరునా పంచుకుని, ఎప్పటికి ఏది కావాలో రాసుకుంటాం' అన్న మాట మీ జవాబులో ఉంటే, మీకు విషయం తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.

జవాబు ఇలా అల్లుకోండి

అడగ్గానే గబగబా మొదలుపెట్టకండి. రెండు క్షణాలు ఆగండి. తర్వాత ఈ వరసలో చెప్పండి.

ముందు కారణం కనుక్కోవడం. పని తెలియకనా, పని చెప్పినవారు సరిగా చెప్పకనా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకనా, లేక నిజంగానే నిర్లక్ష్యమా? నాలుగింటికీ నాలుగు మందులు. కారణం తెలియకుండా మందు వేయలేం.

రెండు, విడిగా మాట్లాడటం. నలుగురిలో కాదు, వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. 'మీరెప్పుడూ ఇంతే' అనకూడదు. 'సోమవారం రావాల్సిన రిపోర్టు బుధవారం వచ్చింది. దాంతో నా పని ఆగిపోయింది. ఏమైనా ఇబ్బందా?' అని అడగాలి. మొదటి మాట మనిషి మీద, రెండోది పని మీద. తేడా చూశారుగా!

మూడు, హద్దు పెట్టుకుని సాయం చేయడం. 'మొదటిది ఇద్దరం కలిసి చేద్దాం, మిగతావి మీరు చేయండి, శుక్రవారం ఓసారి చూసుకుందాం' అనాలి. ఎంతవరకు, ఎన్నాళ్లు అన్నది ముందే తేలిపోవాలి.

నాలుగు, అప్పటికీ మారకపోతే టీమ్ లీడరుకి చెప్పడం. అదీ ఆ మనిషికి చెప్పిన తర్వాతే. 'గడువు దగ్గరపడింది, ఇక సార్‌కి చెప్పక తప్పదు' అని ముందే అంటే అది చాడీ కాదు, మర్యాద. లీడరు దగ్గర కూడా 'ఆమె పని చేయదు సార్' అనకుండా 'ఈ భాగం ఆగింది, ఇంతవరకు ఇలా ప్రయత్నించాం, ఇంకొకరి సాయం కావాలి' అనండి.

ఈ నాలుగూ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అంతకు మించితే వినేవారి దృష్టి గడియారం మీదికి పోతుంది.

'నాకు ఉద్యోగ అనుభవమే లేదు కదా!'

కొత్తగా చదువు పూర్తిచేసినవారి సందేహం ఇది. ఆఫీసు అనుభవం లేకపోతేనేం? కాలేజీ ప్రాజెక్టు లేదా? కాలేజీ ఫెస్టు లేదా? ఎన్ఎస్ఎస్ క్యాంపు లేదా? నలుగురు కలిసి చేసిన ప్రతి చోటా ఒకరు వెనకబడే ఉంటారు.

ఉదాహరణకు ఇలా చెప్పొచ్చు. 'మా ఫైనలియర్ ప్రాజెక్టులో నలుగురం. డేటాబేస్ పని ఒకమ్మాయిది. రెండు వారాలైనా ఏమీ రాలేదు. అడిగితే, ఊరి నుంచి రోజూ బస్సులో వస్తున్నానని, ఇంట్లో కంప్యూటరు లేదని, ల్యాబు తెరిచి ఉండే టైమ్ సరిపోవడం లేదని చెప్పింది. మేం మేడమ్‌ని అడిగి మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబు తెరిపించుకున్నాం. ఆమె పనిని మూడు ముక్కలు చేసి ఒక్కోదానికి తేదీ పెట్టాం. మొదటిది నేను పక్కన కూర్చుని చేయించాను. మిగతా రెండూ తనే చేసింది. మేం అనుకున్నదానికన్నా రెండు రోజులు ఆలస్యమైంది. కానీ రివ్యూ నాటికి అంతా సిద్ధం.'

ఈ జవాబులో ఏముంది? సందర్భం ఉంది. మీ బాధ్యత ఉంది. మీరు చేసిన పని ఉంది. ఫలితం ఉంది. కోచింగ్ సెంటర్లలో 'స్టార్' అని చెప్పేది దీన్నే. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. ఇంకో మంచి సంగతి, రెండు రోజులు ఆలస్యమైందని కూడా ఒప్పుకోవడం. అంతా అద్భుతంగా జరిగిందని చెప్పే కథను ఎవరూ నమ్మరు.

అయితే పైన రాసిన ఉదాహరణను బట్టీ పట్టి అప్పజెప్పకండి. జిరాక్సు షాపులో దొరికే 'వంద ప్రశ్నలు - వంద జవాబులు' సంగతీ అంతే. ఒకే కథ ఒకే రోజు పదిమంది నోట విన్న ఇంటర్వ్యూ బోర్డు 'ఆ అమ్మాయి ఏమంది? మేడమ్ ఏమన్నారు? ఎన్ని టేబుల్స్?' అని అడుగుతుంది. జరిగింది చెప్పేవారికి ఆ ప్రశ్నలు వరాలు. కల్పించి చెప్పేవారికి శాపాలు. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించేవారికీ ఇదే గతి. మీ కథ చిన్నదైనా ఫర్వాలేదు, మీదై ఉండాలి.

'నేనే చేసేస్తాను'... అమ్మాయిలూ, జాగ్రత్త!

ఇక మనం ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. రెండో అమ్మాయి 'వాళ్ల పని కూడా నేనే చేసేస్తా' అన్నది చూశారా? అది ఎక్కడి నుంచి వచ్చింది? మన ఇళ్ల నుంచే. అన్నయ్య తిన్న కంచం చెల్లెలు తీస్తుంది. తోడికోడలు వండకపోతే చిన్న కోడలు వండుతుంది. 'పోనీలే, గొడవెందుకు, మనమే చేసేస్తే పోలా' అన్నది మనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. సర్దుకుపోవడమే మంచితనమని నేర్పారు.

ఆఫీసులో ఈ విద్య ఎలా పనిచేస్తుందో 2017లో లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్లండ్ తదితర అమెరికా పరిశోధకులు అచ్చువేసిన అధ్యయనం చెబుతుంది. ఎవరో ఒకరు చేయక తప్పని, చేసినవారికి మాత్రం పెద్దగా లాభం లేని పని ఒకటి పెట్టి, ఎవరు ముందుకొస్తారో చూశారు. ఆడా మగా కలిసి ఉన్న బృందాల్లో మగవారికన్నా ఆడవారు దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ముందుకొచ్చారు. చిత్రమేంటంటే, అందరూ ఆడవారే ఉన్న బృందాల్లో, అందరూ మగవారే ఉన్న బృందాల్లో ముందుకొచ్చినవారి లెక్క ఇంచుమించు ఒక్కటే! అంటే మగవాళ్లకు ఆ పని రాక కాదు. పక్కన ఆడవాళ్లుంటే వాళ్లు చేస్తారులే అన్న ధీమా. మనకేమో మనమే చేయాలన్న భావన.

దీని ఫలితం? ఏడాది చివర ప్రమోషన్ల వేళ మీ పేరు మీద మీ పని సగమే కనిపిస్తుంది. మిగతా సగం వేరొకరి పేరు మీద ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి మెట్రో దిగి హాస్టలుకి నడిచేది మీరు. ఇంక్రిమెంటు అందుకునేది ఆయన.

అందుకే ఇంటర్వ్యూలో 'నేనే చేసేస్తా' అనకండి. 'పని ఆగకుండా ఈసారికి సాయం చేస్తాను. కానీ మళ్లీ మళ్లీ జరగకుండా ఎవరి పని ఎవరిదో తేల్చుకుంటాను' అనండి. ఇంత సూటిగా మాట్లాడితే పొగరు అనుకుంటారేమో అని సందేహించవద్దు. చిరునవ్వుతో, స్థిరంగా చెప్పిన మాటలో పొగరు ఉండదు.

ఉద్యోగాన్నిబట్టి జవాబు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకే ఈ ప్రశ్న వేస్తారనుకోకండి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే ఎన్ని రకాల ఉద్యోగాలు! అన్నిటికీ ఒకే జవాబు సరిపోదు.

పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఆ చుట్టుపక్కల ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. నర్సు ఉద్యోగానికి వెళ్లినవారు మాత్రం 'ముందు విడిగా మాట్లాడి, వారం చూస్తాను' అని చెప్పకూడదు. పేషంటుకు వేళకు పడాల్సిన ఇంజక్షన్ పడలేదని తెలిస్తే క్షణం ఆగకుండా ఇన్‌చార్జి సిస్టర్‌కీ, డాక్టర్‌కీ చెప్పాలి. తోటి నర్సుతో మాట్లాడటం ఆ తర్వాత. ప్రాణం ముందు, మొహమాటం తర్వాత. ఈ తేడా చెప్పగలిగితే మీరు ఆ ఉద్యోగానికి తగినవారని వేరే రుజువు అక్కర్లేదు.

నగల షాపులో, చీరల షాపులో సేల్స్ ఉద్యోగమా? పక్క అమ్మాయి ఫోను చూసుకుంటూ కూర్చుంటే కస్టమరు లేచి వెళ్లిపోతుంది. కస్టమరు ముందు పక్కమ్మాయిని పల్లెత్తు మాట అనకుండా ముందు ఆమెకు చీరలు చూపిస్తానని, షాపులో రద్దీ తగ్గాక మాట్లాడి కౌంటర్లు వంతులవారీగా పంచుకుంటామని చెప్పండి. అయితే బిల్లులో, స్టాకులో లెక్క తేడా కనిపిస్తే అది వేరే సంగతి. పని తక్కువ చేయడానికీ, తప్పు పని చేయడానికీ మధ్య గీత ఉంది. రెండోది వెంటనే ఫ్లోర్ మేనేజరుకు తెలియాలి.

స్కూల్ టీచరైతే? సాటి టీచరు నోట్సులు దిద్దకపోతే నష్టం పిల్లలకు. 'ఆవిడ క్లాసు పిల్లల్ని నా క్లాసుతో పోల్చి మాట్లాడను, ఇద్దరం కలిసి దిద్దే పద్ధతి పెట్టుకుంటాం, సిలబస్ వెనకబడితే హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇద్దరం కలిసే చెబుతాం' అంటే ఎంత బావుంటుంది!

వెంట వచ్చే ప్రశ్నలు

మొదటి జవాబుతో వదిలిపెట్టరు. ఈ నాలుగూ కూడా అడగొచ్చు. సిద్ధంగా ఉండండి.

'ఆమె మీ ప్రాణ స్నేహితురాలైతే?' స్నేహితురాలు కాబట్టే ముందుగా, సూటిగా చెబుతానని అనండి. బయటివాళ్లు చెప్పేదాకా ఆగడం స్నేహం కాదు కదా!

'మీకన్నా వయసులో, సర్వీసులో పెద్దాయన అయితే?' మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెద్దవారికి చెప్పడమేంటి అనిపిస్తుంది. చెప్పకుండా అడగండి. 'సార్, ఈ భాగం మీ దగ్గర నుంచి ఎప్పటికి వస్తుందో చెబితే నేను దాన్నిబట్టి నా పని సర్దుకుంటాను' అంటే అందులో గౌరవమూ ఉంది, గడువూ ఉంది.

'మీరు చెప్పినా మేనేజరు పట్టించుకోకపోతే?' ఏ రోజు ఏం అనుకున్నామో ఒక మెయిల్‌లో రాసి పెట్టుకుంటానని, నా వంతు పని మాత్రం ఆపనని చెప్పండి. అలిగి మానేస్తాననో, ఇంకా పైవారి దగ్గరికి వెళ్లి తేల్చుకుంటాననో ఆవేశపడకండి.

'అలా వెనకబడింది మీరే అయితే?' అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. రేపు పెళ్లయ్యాక, పసిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చాక, అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు వెనకబడేది మనమే కావచ్చు. 'ఇబ్బంది వచ్చిన రోజే చెబుతాను, గడువు రోజు దాకా దాచిపెట్టను' అన్న ఒక్క మాట చాలు. ఎదుటివారితో ఎలా ఉండాలనుకుంటున్నారో, మీ విషయంలోనూ అలాగే ఉండగలరని తెలుస్తుంది.

ఒక హెచ్చరిక

పని సరిగా చేయకపోవడం వేరు, మనతో సరిగా ప్రవర్తించకపోవడం వేరు. తోటి ఉద్యోగి వెకిలి మాటలు, వెకిలి చేష్టలు 'సర్దుకుపోయి, సాయం చేసి' పరిష్కరించుకోవాల్సిన విషయాలు కావు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టేందుకు 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇంటర్వ్యూలో ఈ రెండింటినీ కలిపి అడిగినా 'మొదటిదానికి మాట్లాడతాను, రెండోదానికి ఫిర్యాదు చేస్తాను' అని నిర్భయంగా చెప్పండి. ఆ మాటకు ముఖం చిట్లించే ఆఫీసు అయితే, ఆ ఉద్యోగం రాకపోయినా నష్టం లేదు.

ఈ రాత్రే మొదలుపెట్టండి

రేపో ఎల్లుండో ఇంటర్వ్యూ ఉందా? రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ఆమె అడగాలి, మీరు చెప్పాలి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. రెండు నిమిషాలు దాటిందా? 'నేను' అన్న మాటకన్నా 'ఆమె తప్పు' అన్న మాటే ఎక్కువసార్లు వచ్చిందా? అవతలి మనిషి పేరు చెప్పేశారా? పాత ఆఫీసును, పాత బాసును తిట్టిపోశారా? వీటిని తీసేసి మళ్లీ చెప్పండి. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే ముందు తెలుగులో ఆలోచించి, చిన్న చిన్న వాక్యాలు చేసుకోండి. ఇక్కడ చూసేది భాష ఆడంబరం కాదు, బుద్ధి నిలకడ.

కారణం కనుక్కోవడం, విడిగా మాట్లాడటం, హద్దు పెట్టి సాయం చేయడం, అవసరమైతే పైవారికి చెప్పడం... ఈ నాలుగు మెట్లూ గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూ గదిలో చెప్పిన మాటను ఉద్యోగంలో చేరాక మొదటి నెల నుంచే పాటించండి. మొదటి నెలలో మోసిన అదనపు బరువు, ఏడాది తిరిగేసరికి మీ డ్యూటీ అయిపోతుంది మరి!